లైట్‌హౌస్ సినిమా, మాడిన పాకం

"మూత పెట్టేముందు ప్రతి డబ్బా వాసన చూశాను. నా ముక్కు నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు. ఇక ఆ ఊసెత్తకు," అంది అత్తగారు, గిన్నె అంచుకి కొట్టి గుడ్డు పగలదీస్తూ.

ఊసెత్తకుండా కోడలు ఎలా ఉంటుంది? చిట్టిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది నిన్ననే. పిల్ల పెదాల వాపు పూర్తిగా దిగలేదు, గొంతులో బొంగురు తగ్గలేదు. "ఈసారికి టైముకి తెచ్చారు. బాదం మళ్లీ తగిలిందంటే ఇంతకన్నా గట్టిగా పట్టేస్తుంది," అని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమె చెవుల్లో అలాగే ఉండిపోయింది.

"బాదం పొడి బస్సు అని రాసిన డబ్బాలోకి దానంతటది నడిచెళ్లిందా అత్తయ్యా?"

"నడిచెళ్లలేదనేగా నేనూ చెప్తున్నది. బస్సు డబ్బాలో ఉన్నది మైదా."

"మరి ఆ బిస్కెట్టు తిన్న పిల్లకి ఊపిరెందుకు ఆడలేదు?"

అత్తగారు ఇంకో గుడ్డు అందుకుంది. జవాబు ఆవిడ కూతురి దగ్గర్నుంచి వచ్చింది. ఆడపడుచు స్కూలు టీచరు. మేనకోడల్ని చూసి పోదామని వచ్చి, చూడ్డం అయిపోయాక తల్లి తరఫున వకాల్తా పుచ్చుకుంది.

"వదినా, మీ కళ్లద్దాల షాపులో పండక్కి చాక్లెట్లు పంచారన్నావు. అవి నీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండుంటాయి. పిల్ల తీసుకుని తినలేదని నమ్మకమేంటి?"

"వాటిని నేను ఇంటికే తేలేదు. షాపులోనే అందరికీ ఇచ్చేశాను."

"నువ్వంటున్నావు. చూసినవాళ్లెవరు?"

కోడలు మొగుడి వైపు చూసింది. టీవీలు బాగుచేసే మనిషి. వంటింటి గుమ్మానికి ఎదురుగా, హాలు గోడకి తెల్లదుప్పటి బిగిస్తున్నాడు, సినిమా వేయడానికి. మేకు సరిగ్గానే దిగింది. అయినా దాన్ని ఇంకా కొడుతూనే ఉన్నాడు.

"ఏవండీ, మీరన్నా చెప్పండి. ఆ రోజు నేను షాపు నుంచి వచ్చేసరికే పిల్ల చేతిలో బిస్కెట్టు ఉంది కదా?"

"అయిందేదో అయింది," అన్నాడతను దుప్పటితోనే. "పండగ పూట ఈ రచ్చెందుకు?"

అత్తగారి ఇంట్లో క్రిస్మస్ వారమంటే సినిమాల వారం. రోజుకో సినిమా, సినిమాకో తీపి. ఏ సినిమాకి ఏది అన్నది ఆవిడ కేకుల దుకాణం నడిపే రోజుల్లో చేసిన చట్టం, దాన్ని మార్చే మొనగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. మంచులో బస్సు ఇరుక్కుపోయి, ప్రయాణికులంతా ఎవరి దగ్గరో ఉన్న ఒక్క పొట్లం పంచుకు తినే సినిమాకి వెన్న బిస్కెట్లు. పోస్టాఫీసులో తప్పిపోయిన కుక్కపిల్ల సినిమాకి అల్లం కేకు. ముసలి పియానో మేష్టారి సినిమాకి బాదం కేకు. పండక్కి ఇంటికి వెళ్లలేక సముద్రం మధ్య దీపం కాపలా కాసేవాడి సినిమాకి పాకం పుడ్డింగు.

అందుకే వంటింటి డబ్బాల మీద మైదా, పంచదార అని రాసి ఉండదు. బస్సు, కుక్కపిల్ల, పియానో, లైట్‌హౌస్ అని ఉంటుంది. ఏ తీపికి కావలసిన పొడులు ఆ డబ్బాలో ముందే కలిపి పెట్టేస్తుంది అత్తగారు. సాయంత్రం వెన్నో పాలో చేర్చుకుంటే సరి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కోడలు కాఫీలోకి పంచదార వెతుక్కోలేక ఏడ్చినంత పని చేసింది. ఆ ముచ్చట ఇప్పటికీ చుట్టాలకి చెప్పి నవ్వుకుంటారు.

బాదం ఉండేది పియానో డబ్బాలో మాత్రమే. చిట్టికి బాదం పడదని తెలిశాక, పియానో సినిమా రోజున దానికి విడిగా ఒక కప్పు కస్టర్డు. పొట్టు తీసి ఆడించిన బాదం పొడికీ మైదాకీ కంటికి పెద్ద తేడా తెలియదు. ముక్కుకి తెలుస్తుంది. అత్తగారు కళ్లజోడు కన్నా ముక్కునే నమ్ముకుని ఇంతకాలం లాక్కొచ్చింది, వీధి వీధంతా కూడా ఆవిడ ముక్కునే నమ్మింది.

"ఇవాళ పుడ్డింగుకి డబ్బాలు ముట్టుకోం," అంది కోడలు. "అన్నీ కొత్త ప్యాకెట్లు తెచ్చాను. కత్తిరించేది నేను, కలిపేది నేను."

ఆడపడుచు నిప్పులు చెరిగింది. "అంటే మా అమ్మ పిల్లకి విషం పెట్టిందనా? తన వంటింట్లో తననే దొంగలా నిలబెడతావా? అమ్మా, నువ్వు మా ఇంటికి వచ్చెయ్. అక్కడ నిన్ను సోదా చేసేవాళ్లు ఉండరు."

"నోర్ముయ్యవే," అంది అత్తగారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "పిల్లకి ఒంట్లో బాలేదు. వాళ్లమ్మకి భయంగా ఉంది. భయపడనీ."

ఆ మాటకి కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారి మీద కోపం తెచ్చుకోవడం ఎప్పుడూ కష్టమే. ఎంత కోపం పోగుచేసుకున్నా ఆవిడ ఇలాంటి మాట ఒకటి అని దాన్ని కాస్తా నీరుగార్చేస్తుంది.

ఆడపడుచు చెప్పులు వేసుకుని, వీధి తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది. గుడ్లు గిలకొడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

"పాకం మాత్రం నేనే పడతాను," అంది అత్తగారు చివరికి. "పంచదార నువ్వే పోసివ్వు. సరేనా?"

కోడలు సరేనంది. పంచదార, కొంచెం నీళ్లు. ఇందులో పొరపడ్డానికేముంది?

పాకం పట్టడంలో అత్తగారికి ఒక విద్య ఉంది. పంచదార పొయ్యి మీద పెట్టి, వీపు తిప్పేసి నిలబడుతుంది. అటు తిరిగే కబుర్లు చెబుతుంది. పాకం సరిగ్గా రంగు తిరిగి కమ్మటి వాసన వచ్చిన క్షణంలో "వచ్చింది" అంటూ వెనక్కి తిరిగి గిన్నె దించేస్తుంది. దుకాణం రోజుల్లో ఈ వేడుక చూడ్డానికే కొందరు ఏదో ఒకటి కొనుక్కునేవాళ్లు.

చిట్టి శాలువా చుట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "నాన్నమ్మా, అటు తిరిగి చెయ్యి!"

"అటు తిరక్కుండా ఎప్పుడు చేశానే?" ఆవిడ పొయ్యికి వీపు పెట్టి, కొంగు దోపుకుని, మనవరాలికి ఎదురుగా నిలబడింది. "ఆ దీపం కాపలావాడు ఉన్నాడు చూడు, వాడు ఓడల వాళ్లకి దారి చూపిస్తాడు గానీ వాడింటికి వాడే వెళ్లలేడు. ఎందుకో చెప్పు?"

"తుఫాను!"

"తుఫానొక్కటేనా? ఇంకా ఉంది..."

పంచదార కరిగింది. అంచుల్లో పసుపురంగు తిరిగింది. ఆ తర్వాత తేనె రంగు. ఇక దించాలి. కోడలు అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ చిట్టితో కబుర్లలో ఉంది.

పాకం ముదురు గోధుమరంగుకి వచ్చింది. బుడగలు నల్లబడ్డాయి. సన్నగా పొగ లేచింది. కోడలికి గొంతులో ఘాటు తగిలి దగ్గొచ్చింది.

"అత్తయ్యా..."

"ఆగు. ఇంకా వాసన రాలేదు," అంది అత్తగారు చిరునవ్వుతో. "పాకం దగ్గర తొందరపడకూడదు."

పొగ ఆవిడ తల మీదుగా, చెవి పక్కగా వచ్చి మొహం ముందు నుంచే పోయింది. ఆవిడ ముక్కుపుటాలైనా కదల్లేదు.

కోడలు పొయ్యి వైపు కదలబోయింది. ఇంతలో మొగుడు పెద్ద పెద్ద అంగలతో వంటింట్లోకి వచ్చాడు. రావడం రావడమే పొయ్యి ఆపేశాడు.

"వచ్చేసిందమ్మా! అబ్బ, ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది! తిరక్కు, తిరక్కు, గిన్నె నా చేతిలో ఉంది, నీకు తగుల్తుంది."

మాట్లాడుతూనే నల్లటి గిన్నెని సింకులోకి జార్చి, పైన పళ్లెం బోర్లించాడు. వంగి సింకు కిందనుంచి ఒక సీసా తీశాడు. బజారులో అమ్మే పాకం. మూత తిప్పి, పుడ్డింగు గిన్నెల అడుగున గబగబా పోసేసి, సీసా మళ్లీ లోపలికి తోసేశాడు. ఒక్క చుక్క ఒలకలేదు. ఎక్కడా తడుముకోలేదు.

"నాన్నా, మాడి..." అనబోయింది చిట్టి.

అతను పెదాల మీద వేలు పెట్టి కన్ను గీటాడు. పిల్ల వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుని కిసుక్కున నవ్వింది. ఈ ఆట దానికి కొత్త కాదు.

"ఎలా వచ్చిందిరా?" అంది అత్తగారు ఇటు తిరిగి. గిన్నెల్లో మెరుస్తున్న పాకాన్ని చూసుకుంది. మొహం విప్పారింది.

"నీ చెయ్యికి తిరుగేముందమ్మా."

కోడలు బల్ల అంచు పట్టుకుంది. నిన్నటి నుంచి బుర్రలో గింగిరాలు తిరుగుతున్న సంగతులన్నీ ఒక్కసారిగా ఒకే చోటికి వచ్చి ఆగాయి. పిల్లని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తినప్పుడు, "ఏం తిన్నది?" అని డాక్టరమ్మ అడిగింది. తనకి నోటమాట రాలేదు. అతనే చెప్పాడు. "బాదం." బిస్కెట్టు అనలేదు, ఏమో అనలేదు. బాదం అన్నాడు. అప్పుడు ఆ మాట పిల్లని బతికించిందని మనసులో దణ్ణం పెట్టుకుంది.

ఆ మాట అతనికెలా తెలుసు?

ఆమె చిట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెంపలు నిమిరింది. "చిట్టీ, మొన్న బస్సు బిస్కెట్టు తిన్నప్పుడు రుచి ఎలా ఉందమ్మా?"

పిల్ల నాన్న వైపు చూసింది.

"నాన్న ఏమీ అనడు. నాకు చెప్పు."

"వేరేగా ఉంది. నాలిక గీరుకుంది." చిట్టి గొంతు తగ్గించింది. "కానీ నాన్నమ్మ చేసింది బాలేదని నాన్నమ్మ ముందు అనకూడదు కదా. నాన్న చెప్పాడు. అంటే నాన్నమ్మ ఏడుస్తుంది. అందుకే మొత్తం తినేశా."

కోడలు లేచి, మొగుడి చొక్కా చెయ్యి పట్టుకుని, వెనక బట్టలారేసుకునే వసారాలోకి లాక్కెళ్లింది. తలుపు దగ్గరగా వేసింది. అది పూర్తిగా పడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు ఇద్దరికీ పట్టలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"నన్ను ఇంకా వెర్రిదాన్ని చెయ్యకండి. అత్తయ్యకి వాసన తెలియడం లేదు. ఎప్పట్నుంచి?"

అతను ఆరేసిన తువ్వాలు అంచు పట్టుకుని మడతలు పెట్టాడు. "వానాకాలంలో జ్వరం వచ్చింది చూడు, అప్పట్నుంచి. అమ్మకి తెలియదు. తగ్గిందనుకుంటోంది, మొత్తం పోయిందనుకోవడం లేదు. ఏదన్నా వండితే నన్ను పిలిచి అడుగుతుంది. నేను బాగుందంటాను. తేడా వస్తే సర్దేస్తాను."

"సర్దేస్తారా?"

"ఏం చెయ్యమంటావు? నాన్న పోయారు. దుకాణం పోయింది. ఉన్నది ఆ ముక్కొకటి. అది కూడా పోయిందమ్మా అని ఏ నోటితో చెప్పను? మంచం పట్టేస్తుంది."

"బస్సు బిస్కెట్లు మీరు రుచి చూశారా?"

అతను తువ్వాలు మడత మళ్లీ విప్పాడు.

"పిల్ల తినకముందు చూశారా, తిన్నాక చూశారా? అదొక్కటి చెప్పండి."

"ముందే." అతని గొంతు సగమే బయటికొచ్చింది. "పళ్లెం దించగానే ఒకటి నోట్లో వేసుకున్నా. బాదమని తెలిసిపోయింది. పళ్లెం తీసేద్దామని తిరిగేసరికి అమ్మ ఒకటి చిట్టి చేతికి ఇచ్చేసింది. ఎంత సంబరంగా ఇచ్చిందో! ఆ క్షణంలో వద్దని అరిస్తే... ఎందుకని అడుగుతుంది కదా. అంతా బయటపడుతుంది. చిన్న ముక్కే కదా, కొరికి పక్కన పెడుతుందిలే, మెల్లిగా లాగేసుకుందాం అనుకున్నా. అనుకునేలోపే మొత్తం..."

ఆమెకి ఏడుపు రాలేదు. ఇన్నేళ్ల కాపురంలో మొగుణ్ణి ఏకవచనంలో పిలిచి ఎరగదు. ఆ అలవాటు ఇప్పుడు ఎక్కడ పోయిందో ఆమెకే తెలియలేదు.

"చూస్తూ నిలబడ్డావు. నీ కూతురు కొరుకుతుంటే చూస్తూ నిలబడ్డావు."

"నేను కావాలని..."

"ఇందాక మీ చెల్లెలు నా హ్యాండ్‌బ్యాగు సంగతి ఎత్తింది. నా వల్లే పిల్ల చావబోయిందంది. అప్పుడు కూడా మేకు కొడుతున్నావు. నేను నిందపడ్డా పర్లేదు, పిల్ల పోయినా పర్లేదు. అమ్మ మొహం చిన్నబోకూడదు. అంతేనా?"

"అలా అనకు. పిల్ల బానే ఉందిగా ఇప్పుడు."

"బాలేకపోయుంటే? అప్పుడన్నా చెప్పేవాడివా?"

అతను నోరు తెరిచాడు. తెరిచినవాడు ఆమెని చూడలేదు. ఆమె భుజం మీదుగా వంటింటి తలుపు వైపు చూశాడు.

ఆమె వెనక్కి తిరిగింది. తలుపు సందులో అత్తగారు నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచో అడగనక్కర్లేదు, ఆవిడ మొహమే చెబుతోంది.

"ఒరే," అంది అత్తగారు. "బస్సు డబ్బాకి మూత పెడుతూ నిన్ను పిలిచాను. మైదాయేనా, చూసి చెప్పరా అన్నాను. నువ్వు ఫోను చూసుకుంటూ అవునమ్మా అన్నావు. వాసన చూసి అన్నావా?"

"అమ్మా..."

"చూసి అన్నావా, చూడకుండా అన్నావా?"

"నీ ముక్కు ఎప్పుడూ తప్పు చెయ్యదు కదా అని..."

"నా ముక్కు లేదని తెలిసినవాడివి నువ్వొక్కడివే కదరా!" ఆవిడ గొంతు పగిలింది. "నాకేదో సన్నగా తెలుస్తోందనుకున్నాను. నువ్వు బాగుందన్నావు కాబట్టి తెలుస్తోందనుకున్నాను. నా పరువు కాపాడటానికి నా మనవరాలి ఊపిరి అడ్డం పెట్టావా? ఎవరడిగార్రా నిన్ను?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. లోపలికి వెళ్లిపోయింది. మరుక్షణంలో డబ్బాల మూతలు ఊడుతున్న చప్పుడు, ఒకదాని తర్వాత ఒకటి చెత్తబుట్టలోకి బోర్లిస్తున్న చప్పుడు వినిపించాయి.

కోడలు ఇక ఆ వసారాలో ఒక్క క్షణం నిలబడలేదు. పడగ్గదిలోకి వెళ్లి పిల్ల బట్టలు నాలుగు సంచిలో కుక్కుకుంది, మందులు వేసుకుంది. ఎక్కడికి వెళ్లాలో ఇంకా అనుకోలేదు. ఈ ఇంటి కప్పు కింద పిల్ల ఇంకో ముద్ద తినకూడదు. అదొక్కటే తెలుసు.

హాల్లో చిట్టి సినిమా పెట్టేసుకుంది. దుప్పటి మీద సముద్రం పొంగుతోంది.

"చిట్టీ, లే. స్వెట్టరు వేసుకో."

"సినిమా ఇప్పుడేగా మొదలైంది! పుడ్డింగు కూడా రాలేదు."

"లేవమన్నానా!"

పిల్ల బెదిరి లేచి నిలబడింది. మొగుడు వసారాలోంచి వచ్చి వీధి తలుపుకి అడ్డంగా నిలుచున్నాడు. "చీకటి పడబోతోంది. పిల్లని తీసుకుని ఎక్కడికెళ్తావు? రేపు మాట్లాడుకుందాం."

"తప్పుకో."

"నన్ను కూడా తీసుకుపో అమ్మాయ్."

ఇద్దరూ తిరిగి చూశారు. అత్తగారు వంటింటి గుమ్మంలో ఉంది. జుట్టు చెదిరింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఈ ఇంట్లో నాకు నిజం చెప్పే మనిషి ఒక్కరూ లేరు," అంది. "నువ్వు చెప్తావు. మాడితే మాడిందంటావు. వాసన లేకపోతే లేదంటావు. నాకా మనిషి కావాలి. వంటింటి జోలికి రాను, ఒట్టు. నన్ను వదిలేసి పోకు."

కొడుకుని కాదని తన వెంట వస్తానంటోంది ఈ ముసలావిడ. కోడలికి జాలేసింది, భయమేసింది. ఏది ముందో తెలియలేదు.

"నాన్నమ్మా, ఏడవకు," అంది చిట్టి.

ఆ మాటతో అత్తగారు నిలవలేకపోయింది. "నా తల్లే, నా బంగారమే," అంటూ రెండు చేతులూ చాపుకుని పిల్ల వైపు వచ్చింది. ఆ చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. ఏయే డబ్బాల పొడులో, గోళ్ల సందుల్లో, గాజుల మధ్య, కొంగు నిండా.

"ఆగండి!" కోడలు కేక పెట్టింది. చిట్టిని వెనక్కి లాగింది. "అత్తయ్యా, అక్కడే ఆగండి. మీ చేతులకి ఏముంది?"

అత్తగారు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. చేతుల్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంది. కుడిచెయ్యి దానంతటదే ముక్కు దాకా వెళ్లింది. పీల్చింది. కళ్లు మూసుకుని, ఇంకా గట్టిగా పీల్చింది.

తర్వాత, ఇన్నాళ్లూ చేసినట్టే, కొడుకు వైపు తిరిగి చెయ్యి చాపింది.

"ఏమిట్రా ఇది?"

అతను ఆ చేతిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. నోరు తెరిచాడు.

ఏం చెప్పినా నమ్మడానికి ఆ హాల్లో ఎవరూ మిగల్లేదు. అమ్మ పట్టు సడలిన ఆ కాస్త వ్యవధిలో చిట్టి చెయ్యి విడిపించుకుంది. నాన్నమ్మ కళ్లు తుడవడానికి పరిగెత్తింది.